గిరాకీ ఫుల్లు, గల్లా నిల్లు: మొబైల్ రిపేర్ షాపులు నేర్చుకోవాల్సిన నిమిషం లెక్క

ఈ సైట్‌లో మనం ఎప్పుడూ కొత్త ఫోన్ల గురించే మాట్లాడుకుంటాం. ప్రాసెసర్ ఏంటి, కెమెరా ఎలా ఉంది, 20 వేలలో ఏది కొనాలి... ఇవే. ఆ ఫోన్ చేతిలోంచి జారి డిస్‌ప్లే పగిలాక మనం పరిగెత్తే షాపు గురించి మాత్రం దాదాపు ఎప్పుడూ రాయం. ఈసారి దాని గురించి రాస్తున్నా. ఇది రివ్యూ కాదు, నా సొంత అభిప్రాయం. కొన్ని లెక్కలుంటాయి. అన్నీ కూడికలు, తీసివేతలే కాబట్టి భయపడక్కర్లేదు.

మా బావకి హన్మకొండలో చిన్న మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఆయన, ఒక హెల్పర్ కుర్రాడు, ఒక టేబుల్, ఒక మైక్రోస్కోప్. పదకొండేళ్ల నుంచి నడుపుతున్నాడు. ఆ మధ్య మా అక్క ఫోన్ చేసింది. "మీ బావ షాపు తీసేస్త అంటుండు, ఒక్కసారి వచ్చి మాట్లాడురా" అంది. విషయమేంటంటే, ఒక కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు ఆయన్ని టెక్నీషియన్‌గా రమ్మన్నారు. జీతం నెలకి 25,000.

నేను వెళ్లేసరికి కౌంటర్ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. షటర్ దించాక బావ అన్న మాట ఇది: "పొద్దున లేపిన కాడికెళ్లి రాత్రి దించేదాక గిరాకీ ఉంటనే ఉంటది బామ్మర్దీ. నెల కాంగనే చూస్తే చేతిల ఏం ఉండదు. పైసలు యాడ పోతున్నయో సమజ్ అయితలేదు."

ఆ పైసలు ఎక్కడికి పోతున్నాయో కనుక్కోవడానికే మేం కూర్చున్నాం. దీనికి పుస్తకాల్లో ఉన్న పేరు మేనేజ్‌మెంట్ అకౌంటింగ్. పెద్ద కంపెనీల ఆఫీసుల్లో వినిపించే మాట కాబట్టి మనది కాదనుకుంటాం. నా వాదన ఒక్కటే: దీని అవసరం పెద్ద కంపెనీకంటే ఇద్దరు మనుషుల రిపేర్ షాపుకే ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఒక తప్పు లెక్కకి పోయేది నేరుగా ఇంటి ఖర్చు డబ్బే.

పుస్తకం ఉంది, లెక్క లేదు

బావ దగ్గర పుస్తకం లేదని కాదు. రోజూ ఎంత వచ్చింది, పార్ట్స్‌కి ఎంత పోయింది అని రాస్తాడు. ఏడాదికోసారి ఒక అకౌంటెంట్ దగ్గరికి వెళ్లి రిటర్న్ వేయిస్తాడు. కానీ ఆ లెక్క ఎవరి కోసం? రిటర్న్ ప్రభుత్వం కోసం. జరిగిపోయిన ఏడాది మొత్తం మీద ఎంత వచ్చిందో చెబుతుంది. "రేపు పొద్దున వచ్చే డెడ్ ఫోన్ తీసుకోవాలా వద్దా" అనే ప్రశ్నకి అందులో జవాబు దొరకదు.

మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ ఓనర్ కోసం వేసుకునే లెక్క. దాన్ని ఎవరికీ చూపించక్కర్లేదు, ఫార్మాట్ కూడా ఏదీ లేదు. రూల్ ఒక్కటే: దాన్ని చూశాక ఏదో ఒక నిర్ణయం మారాలి. మారకపోతే ఆ లెక్క వేయడం దండగ.

ఒక్క నిమిషం ధర ఎంత?

ముందు గిరాకీ వచ్చినా రాకపోయినా ఆగని ఖర్చులు రాశాం. అద్దె 12,000. హెల్పర్ జీతం 14,000. కరెంటు 2,500. ఇంటర్నెట్, సాఫ్ట్‌వేర్ టూల్స్ చందా 1,500. ఫ్లక్స్, సోల్డర్, క్లీనింగ్ లిక్విడ్, టీలు కలిపి 2,000. మైక్రోస్కోప్, హాట్ ఎయిర్ మెషిన్, పవర్ సప్లై లాంటివి మొత్తం 1,08,000 పెట్టి కొన్నాడు. మూడేళ్లు పని చేస్తాయనుకుంటే నెలకి 3,000 అరుగుదల. అన్నీ కలిపితే 35,000.

"అయిపోయింది కదా" అన్నాడు బావ. అవ్వలేదు. ఆయన జీతం ఎక్కడ? "నా షాపుల నాకు జీతమేంది?" అని నవ్వాడు. చాలా షాపుల్లో ఇదే మాట వినిపిస్తుంది. కానీ 25,000 ఉద్యోగం వదులుకుని ఇక్కడ కూర్చున్నాడంటే, ప్రతి నెలా ఆ 25,000 ఖర్చు పెడుతున్నట్టే లెక్క. బిల్లు రాదు కాబట్టి కనబడదు, అంతే. అది కలిపితే 60,000.

ఇప్పుడు టైమ్. ఇద్దరు మనుషులు, రోజుకి పదేసి గంటలు. అంటే ఇరవై గంటలు. ఒక వారం పాటు ఫోన్ విప్పి టేబుల్ మీద పని చేసిన టైమ్ మాత్రమే రాశాం. రోజుకి 8 గంటలు వచ్చింది! మిగతా 12 గంటలు ఏమయ్యాయి? బేరాలు, "ఎంతవుద్ది అన్నా" అనే ఫోన్లు, పార్ట్ కోసం ఎదురుచూపులు, కొరియర్ ఆఫీసు, పౌచ్‌లు చూపించడం. నెలకి 25 రోజులు వేసుకుంటే 200 గంటలు. 60,000ని 200తో భాగిస్తే గంటకి 300. నిమిషానికి 5 రూపాయలు.

ఈ ఒక్క అంకె షాపుని చూసే పద్ధతినే మార్చేసింది. టేబుల్ మీద ఫోన్ ఉన్న ప్రతి నిమిషం 5 రూపాయలు సంపాదించాలి. అంతకంటే తక్కువ తెచ్చే పనిని బావ తన జేబులోంచి డబ్బు పెట్టి చేస్తున్నట్టే.

ఏ పని తిండి పెడుతోంది?

నాలుగు రకాల పనులు తీసుకున్నాం. ఇవి బావ షాపు అంకెలు. మీ ఊళ్లో రేట్లు వేరే ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఒకటి, డిస్‌ప్లే. మంచి కాంబో 1,400కి వస్తుంది, కస్టమర్‌కి 2,000. తేడా 600. పదింటిలో ఒకటి ఏదో ఒక కారణంతో వెనక్కి వస్తుంది, మళ్లీ కొత్తది వేయాలి. దాన్ని పది ఫోన్లకి పంచితే ఒక్కోదానికి 140. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచో, అబిడ్స్ జగదీష్ మార్కెట్ నుంచో తెప్పించే ఖర్చు 40. మిగిలేది 420. టైమ్ 40 నిమిషాలు, రిటర్న్ పని వాటా కలిపితే 44. అంటే నిమిషానికి సుమారు తొమ్మిదిన్నర రూపాయలు. బాగుంది.

రెండు, చార్జింగ్ బోర్డు. పార్ట్ 80, తీసుకునేది 350, టైమ్ 20 నిమిషాలు. నిమిషానికి 13 రూపాయల 50 పైసలు. ఇంకా బాగుంది.

మూడు, టెంపర్డ్ గ్లాస్. 25కి కొని 150కి అమ్మితే ఐదు నిమిషాల్లో 125. నిమిషానికి 25! అలాగని రోజంతా గ్లాసులు అంటిస్తూ కూర్చోలేం. వచ్చినవాళ్లకే వేస్తాం.

నాలుగు, డెడ్ ఫోన్. షార్ట్ వెతకడం, ఐసీ మార్చడం, రీబాలింగ్. బావకి పేరొచ్చిందే ఈ పనితో. చుట్టుపక్కల షాపుల వాళ్లు కూడా తెచ్చి ఇస్తారు. బాగైతే 1,500, కాకపోతే ఒక్క రూపాయి తీసుకోడు. పది ఫోన్లు వస్తే ఐదు బాగవుతాయి. అంటే 7,500. బాగైనవాటికి ఐసీల ఖర్చు 750 పోగా 6,750. ఒక్కో ఫోన్‌కి సగటున రెండున్నర గంటలు, మొత్తం 1,500 నిమిషాలు. నిమిషానికి 4 రూపాయల 50 పైసలు.

ఆయన గర్వంగా చెప్పుకునే పనే 5 రూపాయల గీత కింద ఉంది. టేబుల్ టైమ్‌లో సగం దానికే పోతోంది. ఇంకో 30 శాతం దాకా "ఓసారి చూడన్నా" అనే ఫ్రీ పనులకి పోతోంది. ఈ మాట చెప్పినప్పుడు బావ చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఒక్క పని దూరంలో

మొత్తం నెలకి 175 పనులు, అంటే రోజుకి 7. పార్ట్స్ ఖర్చు పోగా ఒక్కో పనికి సగటున 300 మిగులుతోంది. అంటే 52,500. అందులోంచి 35,000 తీస్తే బావ చేతికి 17,500. ఉద్యోగమైతే 25,000. "షాపు తీసేస్త" అనడంలో తప్పేమీ లేదు, ఆయన లోపల లెక్క సరిగ్గానే చెప్పింది.

60,000 రావాలంటే 300 చొప్పున 200 పనులు కావాలి. రోజుకి 8. ఒక్కటే తక్కువ! ఇక్కడ ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, గిరాకీ పెంచాలి, బోర్డు పెద్దది పెట్టాలి, రేటు తగ్గించాలి అని. అక్కడే మునుగుతాం. అవే 175 పనుల మీద సగటున 300 బదులు 343 మిగిలినా 60,000 వస్తుంది. ఇంకో 25 మంది కస్టమర్లని తేవడం తేలికా, ఒక్కో పని మీద 43 రూపాయలు ఎక్కువ మిగుల్చుకోవడం తేలికా?

అందుకే డెడ్ ఫోన్‌కి చెకింగ్ చార్జీ 200 పెట్టమన్నాను. బాగైతే బిల్లులో కలిసిపోతుంది, కాకపోతే ఆ 200 షాపుది. ఇంకో రూల్: గంటలో దారి దొరక్కపోతే ఫోన్ తిరిగి ఇచ్చేయాలి. లెక్క వేయండి. బాగైన ఐదింటికి 750 నిమిషాలు, కానివాటికి 300. వచ్చేది 6,750 ప్లస్ 1,000. అంటే 1,050 నిమిషాలకి 7,750. నిమిషానికి ఏడు రూపాయలు దాటింది. పని అదే, ఆ పని చేసే చెయ్యీ అదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు. 5 రూపాయల గీత అన్ని వేళలకీ ఒకటే కాదు. పొద్దున 10 నుంచి మధ్యాహ్నం దాకా షాపు ఖాళీ. ఆ టైమ్‌లో నిమిషానికి 3 రూపాయలొచ్చే పని వచ్చినా తీసుకోవాల్సిందే. ఎందుకంటే ఎలాగూ అద్దె ఆగదు, ఊరికే కూర్చుంటే వచ్చేది సున్నా. సాయంత్రం 5 నుంచి 9 దాకా రష్. అప్పుడు డెడ్ ఫోన్ ముందేసుకుని కూర్చుంటే, పక్కన రెండు డిస్‌ప్లేలు, మూడు చార్జింగ్ బోర్డులు వేరే షాపుకి పోతాయి. కాబట్టి బోర్డు పని పొద్దున, త్వరగా అయ్యేవి సాయంత్రం. దీనికి ఒక్క రూపాయి పెట్టుబడి కూడా అక్కర్లేదు.

కాపీ డిస్‌ప్లే కథ

ఇది మన పాఠకులకి నేరుగా సంబంధించిన ముచ్చట. 900కి కాపీ కాంబో దొరుకుతుంది. కస్టమర్‌కి 1,600 చెప్పినా తేడా 700. మంచి పార్ట్ మీద మిగిలే 600 కంటే ఎక్కువ. కస్టమర్‌కీ 400 తక్కువ. ఇద్దరూ హ్యాపీ, కదా?

టచ్ పోవడం, గీతలు రావడం, రంగు మారడం... బావ షాపులో కాపీవి పదింటిలో మూడు వెనక్కి వచ్చాయి. పైన సీల్ తీశాక హోల్‌సేల్ వాడు తీసుకోడు. అంటే ఒక్కో ఫోన్ మీద 270 పోయినట్టు. రవాణా 40 తీస్తే మిగిలేది 390, టైమ్ 52 నిమిషాలు. నిమిషానికి ఏడున్నర. మంచి పార్ట్‌కి తొమ్మిదిన్నర. చూడ్డానికి ఎక్కువ మిగిలేదే నిజానికి తక్కువ మిగిలింది.

అయితే ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉంది. షాపువాడు వారంటీ ఇచ్చి, దానికి కట్టుబడితేనే ఇది నిజం. "డిస్‌ప్లేకి గ్యారంటీ లేదండీ" అని ముందే చెప్పి చేతులు దులుపుకునేవాడికి కాపీ మీద 660 మిగులుతుంది, 40 నిమిషాల్లో. నిమిషానికి పదహారున్నర! నష్టమంతా కస్టమర్ నెత్తి మీద. అంటే ఏ పార్ట్ వేస్తారన్నది షాపువాడి మంచితనం మీద మాత్రమే ఆధారపడి లేదు, మనం వారంటీ అడుగుతామా లేదా అన్నదాని మీద కూడా ఉంది. 100 రూపాయల కోసం అరగంట బేరమాడి, వారంటీ గురించి ఒక్క ముక్క అడగకుండా వచ్చేస్తాం. కాపీ పార్ట్‌ని లాభసాటిగా చేస్తున్నది మనమే.

అల్మారాలో పడుకున్న డబ్బు

తర్వాత పార్ట్స్ అల్మారా తెరిచి లెక్కపెట్టాం. 64,000 సరుకు. అందులో 23,000 విలువైనవి ఆరు నెలలుగా కదల్లేదు. ఎలా పేరుకుంది? "పది తీసుకుంటే పీసుకి 50 తగ్గిస్త" అంటే తీసుకున్నాడు. మిగిలిన లాభం 500. ఏడు అమ్ముడయ్యాయి, ఆ మోడల్ జనం వాడటం మానేశారు, మూడు మిగిలాయి. 500 కోసం 4,050 ఇరుక్కుపోయింది.

పైగా ఆ సరుకులో 40,000 నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. నెలకి 800. ఇది మేం మొదట వేసిన 60,000లో రాయడమే మర్చిపోయాం! చేతికి వచ్చేది 17,500 కూడా కాదు, 16,700.

పాత సరుకుని తక్కువకి అమ్మమంటే బావ ఒప్పుకోలేదు. "1,900 పెట్టి కొన్న, 1,200కి ఎట్ల ఇయ్యాలె?" ఆ 1,900 ఎప్పుడో పోయింది. దాన్ని ఏ కస్టమరూ తిరిగివ్వడు. ఇప్పుడు చూడాల్సింది ఒక్కటే: ఈ రోజు అమ్మితే ఎంత వస్తుంది, ఆరు నెలలు ఉంచితే ఎంత వస్తుంది. పాత మోడల్ పార్ట్ విలువ పెరగడం నేనైతే చూడలేదు.

టర్నోవర్ అంటే లాభం కాదు

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. సర్వీసులకి రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవర్. రిపేర్ మీద పన్ను 18 శాతం. బావ బిల్లింగ్ ఏడాదికి 13 లక్షల దగ్గర ఉంది. ఇంకో టెక్నీషియన్‌ని పెట్టుకుంటే గీత దగ్గరికి వెళ్తాడు. టర్నోవర్‌లో పార్ట్ ధర కూడా కలుస్తుందని గుర్తుంచుకోవాలి. 2,000 బిల్లులో చేతికి మిగిలేది తక్కువే అయినా లెక్కలోకి వచ్చేది మొత్తం 2,000. రిజిస్టర్ అయ్యాక బిల్లు లేకుండా గల్లీలో కొన్న పార్ట్స్ మీద కట్టిన పన్ను వెనక్కి రాదు. షాపు పెంచేముందే ఈ లెక్క వేసుకోవాలి, పెంచాక వేసుకుంటే ఆలస్యమైనట్టే.

లెక్కకి లొంగని పని

ఇక ఫ్రీ పనులు. ఇవి ఆపేయమని చెప్పడానికే సిద్ధమై వెళ్లాను. రెండో రోజు సాయంత్రం ఒక ముసలాయన వచ్చాడు. బటన్ ఫోన్ పాడైంది, అందులో ఉన్న నంబర్లు కొత్త ఫోన్‌లోకి కావాలి. ఆయనకి గుర్తున్నది ఒక్క నంబరూ లేదు. బావ ఇరవై నిమిషాలు కూర్చుని ఒక్కొక్కటీ ఎక్కించాడు, పెద్ద అక్షరాలు పెట్టిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు.

నిమిషానికి 5 చొప్పున వంద రూపాయలు. నేను నోరు తెరిచేలోపే, "ఇది మాత్రం బంద్ చెయ్య బామ్మర్దీ, ముందే చెప్తున్న" అన్నాడు.

ఆలోచిస్తే ఆయన అన్నది తప్పు కాదు. లెక్క మనకి ఏం చేయాలో ఆర్డర్ వేయదు, ఏం చేస్తే ఎంత పడుతుందో చెబుతుంది. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకి 30 నిమిషాలు ఫ్రీ. నెలకి 3,750 రూపాయలు. అది ధర్మమనుకున్నా, పబ్లిసిటీ అనుకున్నా, తెలిసి పెడుతున్న ఖర్చు. ఆ 30 నిమిషాలు ఎవరికి ఇవ్వాలో ఆయన ఇష్టం. మూడో రీల్ ఎడిటింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేయించుకోవడానికి వచ్చే కాలేజీ కుర్రాళ్లకి మాత్రం ఇప్పుడు 50 రూపాయలు.

ఇంతకీ ఏమైంది?

నాలుగు నెలలు గడిచాయి. పనులు 175 నుంచి 160కి తగ్గాయి. చెకింగ్ చార్జీ అనగానే కొందరు వెళ్లిపోయారు. కానీ ఒక్కో పనికి మిగిలేది 300 నుంచి 390 అయింది. అంటే 62,400. ఖర్చులు 35,000, వడ్డీ 800 పోగా చేతికి 26,600. ఉద్యోగం కంటే 1,600 ఎక్కువ. గొప్పేమీ కాదు, ఒప్పుకుంటా. ఒక నెల తేడా కొడితే మళ్లీ కిందికి వస్తుంది. కానీ ఇప్పుడు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది. ఉద్యోగానికి వెళ్లాలనిపిస్తే, అది కూడా లెక్క చూసుకునే వెళ్తాడు.

మన వైపు నుంచి కూడా ఒక మాట. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ మొదలుపెట్టింది. మంచిదే. పార్ట్స్ దొరకాలి, మాన్యువల్స్ దొరకాలి అని ఈ సైట్‌లో మనమూ రాస్తుంటాం. కానీ పార్ట్ దొరికాక దాన్ని వేసే మనిషి ఆ ఊళ్లో మిగిలి ఉండాలి కదా. బావ లాంటి వాళ్లు షటర్ దించేస్తే, చిన్న రిపేర్‌కి కూడా కొత్త ఫోన్ కొనడమే దారి అవుతుంది.

"ఆన్‌లైన్‌లో 1,400 ఉన్న డిస్‌ప్లేకి షాపువాడు 2,000 తీసుకుంటున్నాడు, దోపిడీ" అని చాలామంది అంటారు. ఆ 600 ఎక్కడికి పోతుందో ఇప్పుడు మీకు తెలుసు. 140 రిటర్న్‌లకి, 40 రవాణాకి, 220 టైమ్‌కి. ఆ 220లోనే అద్దె, కరెంటు, ఇద్దరి జీతాలు ఉన్నాయి. మిగిలిన 200లోంచే ఫ్రీ పనులు, బాగవని డెడ్ ఫోన్లు, అల్మారాలో పడున్న సరుకు, వడ్డీ అన్నీ భరించాలి.

ఈసారి రిపేర్‌కి వెళ్తే బేరమాడేముందు రెండు అడగండి: ఏ క్వాలిటీ పార్ట్ వేస్తున్నారు, ఎన్ని రోజులు వారంటీ, రాసిస్తారా? అదే మీరు షాపు నడుపుతున్నవాళ్లయితే, రేపు పొద్దున ఒక నోటుబుక్‌లో నాలుగు గళ్లు గీయండి. పని, తీసుకున్న డబ్బు, పార్ట్ ఖర్చు, పట్టిన నిమిషాలు. ఒక నెల ఓపిక పట్టి రాయండి. బావ పుస్తకంలో ఐదో గడి కూడా ఉంది, "ఫ్రీ" అని. రోజూ షటర్ దించేముందు హెల్పర్ కుర్రాడే అది నింపుతాడు.